ఫిర్యాదుల్లేని ఆస్పత్రి

ఒక పెద్ద అడవిలో ఆస్పత్రి పెట్టారు. పెట్టింది అడవి పంచాయతీ. ఆస్పత్రికి ఏం కావాలో పంచాయతీకి బాగా తెలుసు కనక ముందు ప్రారంభోత్సవం చేసింది. ఆ తర్వాత డాక్టరు కోసం వెతికింది.

దొరికిన డాక్టరు గుడ్లగూబ. పేరు దివాకరం. మహా మేధావి అని అడవంతా ఒప్పుకుంది. ఎందుకంటే ఆయన కళ్ళు ఇంతింత చేసుకుని చూసేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. ఆస్పత్రి వేళలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. గుడ్లగూబ నిద్ర వేళలూ అవే.

వేళలు మారుద్దామంటే పంచాయతీ తీర్మానం చెయ్యాలి. తీర్మానానికి డాక్టరు సభకి రావాలి. సభ పగలు జరుగుతుంది. కాబట్టి ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. దివాకరం గారు ఆస్పత్రి చూరులో కూర్చుని నిద్రపోయేవారు. కింద సిబ్బంది వైద్యం చేసేవాళ్ళు.

సిబ్బంది ముగ్గురు. నర్సు సుగుణమ్మ కొండగొర్రె. పని తెలిసింది, కాస్త కోపిష్టి, కాస్త పిరికిది. కాంపౌండరు కనకలింగం కోతి. మందులు నూరడం అతని పని. నూరమంటే మాత్రం అంతకంటే తేలికైన ఉపాయం ఆలోచించేవాడు. అటెండరు నరసింగు అడవిదున్న. రోగిని కదలకుండా పట్టుకోవడం అతని ఉద్యోగం. ఎక్కడ పట్టుకోవాలన్నది అతనికి ఎవరూ నేర్పలేదు.

ముగ్గురూ ఆకులూ పళ్ళూ తినేవాళ్ళే. వేట జంతువులకి ఆ ఉద్యోగాలు ఇవ్వకూడదని రూలేమీ లేదు. ఒక తోడేలు అర్జీ పెట్టింది కూడా. ఇంటర్వ్యూ రోజున పక్కన కూర్చున్న అభ్యర్థిని తినేసింది.

రోగుల్లో మాత్రం అన్ని రకాలూ ఉండేవాళ్ళు. కట్టు విప్పబోతే దుమ్ములగొండి కరిచేది. కట్టు కట్టబోతే నక్క కరిచేది. ఏమీ చెయ్యకుండా నిలబడితే "మమ్మల్ని పట్టించుకునే దిక్కే లేదా" అని ఇద్దరూ కలిసి కరిచేవాళ్ళు.

ఒకరోజు ఒక తోడేలు చెవిలో పురుగు దూరిందని వచ్చింది. పురుగు బయటికి వచ్చింది కానీ, ఈలోగా సుగుణమ్మ చెవి సగం తోడేలు నోట్లోకి పోయింది.

"ఒరే నరసింగూ, పట్టుకోమన్నానా లేదా?" అని అరిచింది సుగుణమ్మ.

"పట్టుకున్నానమ్మా. వదిలితే ఒట్టు. ఇదిగో, తోక ఇంకా నా కాలి కిందే ఉంది."

"అది కరిచేది తోకతో కాదురా!"

ఇక లాభం లేదని ముగ్గురూ పంచాయతీ ఆఫీసుకి వెళ్ళారు. ఆరోగ్య శాఖ చూసేది ఎలుగుబంటి జోగయ్య. ఆయన తేనె నాకుతూ అర్జీలు వింటాడు. తేనె అయిపోతే అర్జీ కూడా అయిపోయినట్టే.

"అయ్యా, మేం పెద్ద కోరికేమీ కోరడం లేదు. కరిచే రోగులకి వైద్యం జరిగేంతసేపు మూతికి చిక్కం కట్టించండి. ఊళ్ళో దుక్కిటెద్దులు పైరు మెయ్యకుండా కడతారే, అలాంటిది," అంది సుగుణమ్మ.

జోగయ్య నాకడం ఆపాడు.

"చిక్కమా? రేపు పులిరాజు గారికి జ్వరం వస్తే వారి మూతికి కూడా కడతావా? నలుగురూ ఏమనుకుంటారు? అది వాళ్ళ ఆత్మగౌరవం సిస్టర్!"

"ఇది నా చెవి అయ్యా."

"రెండోది ఉందిగా," అన్నాడు జోగయ్య ఓదార్పుగా. "అయినా మీ త్యాగం వృథా కాదు. ఇకనుంచి కరిపించుకున్న ప్రతి ఉద్యోగికీ పంచాయతీ తరఫున టేకాకుల శాలువా కప్పిస్తాను."

మాట తప్పలేదు. నడివేసవి వచ్చేసరికి సుగుణమ్మ ఇంట్లో శాలువాలు గుట్టపడ్డాయి. ఆ ఎండల్లో శాలువా ఎవరు కప్పుకుంటారు? ఆకలేసినప్పుడల్లా నరసింగు వెళ్ళి ఒకటి తిని వచ్చేవాడు.

అప్పుడు కనకలింగం తన బుర్ర ఉపయోగించాడు.

జలపాతం వెనకాల మత్తుతీగ అని ఒక తీగ పెరిగేది. విరిగిన ఎముక సరిచేసేటప్పుడో, లోతుగా దిగిన ముల్లు కోసి తీసేటప్పుడో దాని వేరు నూరి, ఆ రసంలో ముళ్ళపంది ముల్లు ముంచి రోగి పిరుదుకి గుచ్చేవాళ్ళు. ఒక పూట నిద్రపోయేవాడు. అంతకుమించి దాన్ని వాడేవాళ్ళు కాదు.

"సుగుణక్కా, ఆపరేషనప్పుడే ఎందుకు గుచ్చాలి? గేటు దగ్గరే గుచ్చేద్దాం. లోపలికి వచ్చేవాడు నడిచి రావడం ఎందుకు, నరసింగు ఈడ్చుకొస్తాడు. అరుపుల్లేవు, కరుపుల్లేవు."

"జబ్బేమిటో చెప్పకుండానే?"

"జబ్బేమిటో చెప్పడానికి నోరు తెరుస్తారు. నోరు తెరిస్తే ఏమవుతుందో నీ చెవినడుగు."

సుగుణమ్మ చెవి తడుముకుంది. "డాక్టరు గారు ఒప్పుకోవాలిగా?"

కనకలింగం చూరెక్కి వినయంగా అడిగాడు. "డాక్టరు గారూ, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు మత్తు ఇచ్చేద్దామండీ?"

దివాకరం గారి తల నిద్రలో కిందికి జారి మళ్ళీ పైకి లేచింది.

"తల ఊపారు!" అంటూ కనకలింగం కిందికి దూకాడు.

మర్నాటి నుంచి ఆస్పత్రి మారిపోయింది. గేటు పక్క పొదలో కనకలింగం ముల్లు పట్టుకుని కూర్చునేవాడు. రోగి వచ్చి "అయ్యా" అనేలోపే వెనక నుంచి చురుక్కుమనేది. నరసింగు కాళ్ళు పట్టి లాక్కెళ్ళి వరసలో పడుకోబెట్టేవాడు. పైకి కనిపించే గాయం ఉంటే సుగుణమ్మ కడిగి కట్టు కట్టేది. కనిపించకపోతే నుదుటి మీద ఒక ఆకు వేసేది. మత్తు దిగేవేళకి ఇంత పసరు మూతికి రాసి పంపించేవాళ్ళు.

ఆస్పత్రిలో ఎప్పుడూ లేనంత శాంతి నెలకొంది. గురకలు తప్ప చప్పుడు లేదు. ముగ్గురూ నేల మీద గీతలు గీసుకుని పులిజూదం ఆడుకునేవాళ్ళు. ఆటలో కనకలింగం ఎప్పుడూ పులుల వైపే ఆడేవాడు, సుగుణమ్మ మేకల వైపు.

ఆశ్చర్యం ఏమిటంటే రోగులు కూడా సంతోషపడ్డారు. మత్తు దిగాక కూడా చాలాసేపు ఒళ్ళు తిమ్మిరిగా, హాయిగా ఉండేది. "వెళ్ళాను, వచ్చాను, అంతే! సూది కూడా తెలియలేదు!" అని చెప్పుకునేవాళ్ళు. కోడలితో పడని అడవిపంది ముసలమ్మ జబ్బు లేకపోయినా రోజూ రావడం మొదలుపెట్టింది.

గవరమ్మ అనే ముసలి చిరుత ఒకావిడ ఉండేది. అడవి మొత్తం మీద ఆవిడంత నోరున్న ప్రాణి లేదు. పంచాయతీ సభలో ఆవిడ లేచి నిలబడితే సభ్యులు మంచినీళ్ళ నెపంతో బయటికి పోయేవాళ్ళు. ఆవిడకి దవడ వాచింది.

"అమ్మాయ్, సుగుణా, నా పన్ను..." అంటూ గేటు దాటింది.

చురుక్కుమంది. ఆవిడ పడిపోయింది.

సాయంత్రం లేచి చుట్టూ చూసింది. "ఏం చేశారే నాకు?"

"చెయ్యాల్సింది చేశాం అవ్వా. వెళ్ళి రా," అన్నాడు కనకలింగం చెట్టు మీంచి.

నొప్పి తెలియకపోవడంతో ఆవిడ సరేనని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి వాపు కంటి దాకా ఎక్కించుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి "అమ్మా..." దాకానే అనగలిగింది.

సుగుణమ్మ ఆట మధ్యలో ఆగింది. "కనకలింగం, ఈవిడ నోరు మనలో ఎవరైనా తెరిచి చూశామా?"

"నిద్రలో మూసుకునే ఉంది కదక్కా."

"తెరిచి చూద్దామా?"

"అవ్వ హాయిగా నిద్రపోతోంది. నీ చెవి ఇప్పుడిప్పుడే మానుతోంది. ఎందుకొచ్చిన గొడవ? నీ మేకని జరుపు."

సుగుణమ్మ చిరుత వంక ఒకసారి, ఆట వంక ఒకసారి చూసింది. మేకని జరిపింది. ఆ పూట ఆటలో పులిని కట్టేసి గెలిచింది కూడా. ఎందుకో సంతోషం మాత్రం కలగలేదు.

ఈ శాంతి కబురు జోగయ్య చెవిన పడింది. నమ్మలేక స్వయంగా వచ్చాడు. కనకలింగం పెద్దమనిషిని గుర్తుపట్టి ముల్లు దాచేశాడు. లోపల తోడేళ్ళు, నక్కలు, దుమ్ములగొండ్లు పసిపాపల్లా వరసగా పడుకుని ఉన్నాయి. వాటి పక్కనే ఒక లేడి పడుకుని ఉంది. తోడేలు మూతి దాని మెడ మీద ఆనుకుని ఉన్నా ఎవరికీ ఏమీ పట్టలేదు.

జోగయ్య కళ్ళు చెమర్చాయి. "ఆహా! నా హయాంలో పులీ మేకా ఒక్క పక్క మీద పడుకునే రోజొచ్చింది! ఫిర్యాదులెన్ని వచ్చాయి?"

"ఒక్కటీ లేదండి," అన్నాడు కనకలింగం.

"ఒక్కటీ?"

"చెప్పేవాళ్ళుంటే కదండీ."

జోగయ్యకి ఆ రెండో మాట వినపడలేదు. అప్పటికే ఆయన ఆలోచనలో పడ్డాడు.

ఆయన తిప్పలు ఆయనకున్నాయి. ఆ ఏడు ఎండలకి మడుగు అడుగంటింది. పూడిక తీయించండని అడవి జనం ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. పంచాయతీ ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ఆఫీసు బయట రోజూ అరుపులు. మొన్నటిదాకా ఆ అరుపుల్లో సగం గవరమ్మవే.

"పిడికెడు ఆస్పత్రిలో ఇంత ప్రశాంతత తెచ్చారే! ఇదే అడవంతా తెస్తే?" అన్నాడు జోగయ్య.

అలా మహా ఆరోగ్య శిబిరం పుట్టింది.

ఆస్పత్రి ముందు మైదానంలో చెట్లకి తోరణాలు కట్టారు. ప్రతి ప్రాణీ తప్పకుండా రావాలని, వచ్చినవాళ్ళకి వేసవి నీరసం పోయే ఇంజక్షన్ ఉచితమని కాకుల చేత చాటించారు. ఉచితం అనగానే నీరసం లేనివాళ్ళు కూడా నీరసంగా నడుస్తూ వచ్చేశారు. జలపాతం వెనక తీగనంతా కనకలింగం వేళ్ళతో సహా పీకించాడు.

"మామూలు మోతాదైతే ఒక పూట పడుకుంటారండి," అన్నాడు.

"ఒక పూటేం సరిపోతుంది? రెట్టింపు చెయ్యి. కుదిరితే ఇంకాస్త," అన్నాడు జోగయ్య.

సుగుణమ్మ అడ్డు చెప్పబోయింది. "అయ్యా, ముసలివాళ్ళుంటారు, చూలాళ్ళుంటారు. అంత మోతాదు..."

"సిస్టర్, నీకు ఉత్తమ నర్సు బిరుదు ఇద్దామనుకుంటున్నాం," అన్నాడు జోగయ్య. "నిరుత్సాహపరచకు."

సుగుణమ్మ నోరు మూసుకుంది. బిరుదు అన్న మాట ఆవిడకి ఇష్టం లేకపోలేదు.

మొదటి ఇంజక్షన్ పులిరాజు గారికి. దండ వేయించుకుని, పిరుదు అప్పగించి, కొంచెం బెరుగ్గా అడిగారు. "నొప్పి ఉంటుందా?"

"తమకి ఏమీ తెలియదు మహారాజా," అన్నాడు కనకలింగం.

"అయితే పర్వాలేదు. ఏమీ తెలియకుండా ఉండటం మాకు అలవాటే."

రాజుగారు ఒరిగారు. రాణి ఒరిగింది. తర్వాత ఏనుగులు, దుప్పులు, నెమళ్ళు, కుందేళ్ళు, చాటింపు వేసిన కాకులతో సహా అందరూ వరసగా ఒరిగారు. గవరమ్మ నడవలేక నడవలేక వచ్చింది. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. నోరు తెరవలేకపోయింది. చెయ్యెత్తి దవడ చూపించబోయింది. కనకలింగం గుచ్చేశాడు.

మిట్టమధ్యాహ్నానికి అడవిలో ఆకు కదిలితే వినిపించేంత నిశ్శబ్దం.

జోగయ్య వేదిక ఎక్కాడు. "సోదర సోదరీమణులారా!" అన్నాడు. ఒక్క కేక లేదు, ఒక్క ఈల లేదు. ఆయన జీవితంలో మొదటిసారి అంతరాయం లేకుండా ఉపన్యాసం పూర్తి చేశాడు. చివర చప్పట్లు కూడా లేకపోవడం కొంచెం వెలితిగా అనిపించి, నరసింగు వంక చూశాడు. నరసింగు రెండు గిట్టలు నేలకేసి కొట్టాడు.

"తాగునీటి సమస్య పరిష్కారమైంది," అని ప్రకటించాడు జోగయ్య. "చూశారా? పొద్దుటి నుంచి మడుగు దగ్గర ఒక్కరూ లేరు."

సరిగ్గా అప్పుడు ఎక్కడో ఒక పసిగొంతు కీచుమంది.

తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత అన్నీ.

పిల్లల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ముల్లు కంటే చిన్నగా ఉన్నవాళ్ళకి ముల్లు గుచ్చడం కుదరదని వదిలేశారు. ఇప్పుడు అడవిలో అమ్మలందరూ నిద్రలో ఉన్నారు, పిల్లలందరూ ఆకలి మీద ఉన్నారు. మేలుకుని ఉన్న పెద్దవాళ్ళు నలుగురు. దివాకరం గారిని లెక్కపెట్టడం న్యాయం కాదు.

ఆ పూట నుంచి సిబ్బంది పడ్డ పాట్లు శత్రువుకి కూడా వద్దు. గూళ్ళలో పిట్ట పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. జన్మలో పురుగుని ముట్టని కనకలింగం ముక్కు మూసుకుని మట్టి తవ్వుతూ, పురుగులు ఏరుతూ, చెట్టు నుంచి చెట్టుకి పరిగెత్తాడు. ఒక నోట్లో పెడితే పక్క నోరు తిట్టేది. ఏనుగు గున్న నరసింగుని అమ్మ అనుకుని వెంటపడింది. అతను ఎంత చెప్పినా నమ్మలేదు, వెతికి మరీ చూసింది. తోడేలు పిల్లలు సుగుణమ్మ తోక పట్టుకుని వేలాడాయి.

"పని తగ్గుతుందన్నావు కదరా!" అని ఏడుపు గొంతుతో అంది సుగుణమ్మ.

"రోగులు అరవరన్నాను. వాళ్ళ పిల్లల సంగతి నేనేమీ అనలేదు," అన్నాడు కనకలింగం. అతని నెత్తి మీద రెండు గువ్వ పిల్లలు కూర్చుని ఉన్నాయి.

మెల్లగా జారుకోబోతున్న జోగయ్యకి సుగుణమ్మ అడ్డం పడింది. పులిరాజు గారి కూనని ఆయన చేతుల్లో పెట్టింది.

"నేను శాఖ చూసేవాణ్ణి! నేను పిల్లల్ని ఎత్తడమేమిటి?"

"అయితే ఆకలేసి అది మీ కాలు కొరుకుతుంది. ఎత్తుకుంటే చెయ్యి కొరుకుతుంది. మీ ఇష్టం."

జోగయ్య తన తేనెలో వేలు ముంచి కూన నోట్లో పెట్టాడు. కూన వేలు వదల్లేదు. మర్నాడు పొద్దెక్కినా వదల్లేదు.

మర్నాడు పొద్దున సుగుణమ్మ వరసల మధ్య నుంచి పోతూ గవరమ్మ దగ్గర ఆగింది. అందరి గురకా ఒక రకంగా ఉంది, ఆవిడది వేరేగా ఉంది. ఊపిరి తీయడం, ఆగడం. మళ్ళీ ఎప్పటికో తీయడం. మొహం ఒకవైపు గుమ్మడికాయంత అయింది. ముట్టుకుంటే కాలిపోతోంది.

ఈ మోతాదు దిగేదాకా ఆగితే ఆవిడ ఇక లేవదు.

"కనకలింగం! అవ్వని లేపాలి. మిరియాల పొడి తే."

"నీకు మతి పోయిందా అక్కా? రోజుల తరబడి పన్నునొప్పితో ఉన్న చిరుతని లేపుతావా? అదీ ఖాళీ కడుపుతో?" అన్నాడు కనకలింగం. గొంతు తగ్గించి చెప్పాడు. "నిద్రలో పోతే హాయిగా పోతుంది. ఎవరూ మనల్ని ఒక్క మాట అనరు."

"అవును, అనరు," అంది సుగుణమ్మ. "మొదటిసారి వచ్చినప్పుడు పన్ను అని చెప్పింది. నేను విన్నాను. విని మేకని జరిపాను. ఇక అనాల్సింది ఎవరు?"

కనకలింగం తల గోక్కున్నాడు. ఎందుకో అతనికి ఉపాయం తట్టలేదు. వెళ్ళి మిరియాలు తెచ్చాడు.

మత్తు దింపడానికి ఆస్పత్రిలో వాడేది అదే. ఈ మోతాదుకి ఎంత పడుతుందో తెలియక, ఉన్న మిరియాలన్నీ బండ మీద గుట్ట పోసి నరసింగు చేత తొక్కించింది. చిటికెడు తీసి గవరమ్మ ముక్కు దగ్గర పెట్టింది. మరో చిటికెడు పెట్టింది. పిడికెడు పెట్టింది.

గవరమ్మ ముక్కు ముడుచుకుంది. ఒక కన్ను తెరుచుకుంది.

"ఒరే నరసింగూ, తల పట్టుకో. తల!"

నరసింగు తన బరువంతా వేసి తల పట్టుకున్నాడు. సుగుణమ్మ కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, ముందు కాలు చిరుత నోట్లో పెట్టింది.

"అవ్వా, ఎక్కడ నొప్పి? ఇక్కడా?"

గవరమ్మ మూలిగింది.

"ఇక్కడా? దీని పక్కనా?"

అడవి అదిరేలా గవరమ్మ అరిచింది. అరుస్తూనే కరిచింది.

"దొరికింది! అదే పన్ను!" అని సుగుణమ్మ కూడా అంతే గట్టిగా అరిచింది. "వదలకురా నరసింగూ! కనకలింగం, లాగు!"

కానీ మిరియాల ఘాటు నరసింగు ముక్కులోకి పోయింది. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. పెదవి వణికింది. తుమ్మితే తల జారిపోతుంది, తల జారితే సుగుణమ్మ కాలు ఇక ఉండదు. నరసింగు ఊపిరి బిగపట్టాడు. మొహం నల్లగా ఉంటుంది కనక తెలియలేదు గానీ, మరొకరైతే నీలంగా మారిపోయేవాళ్ళు.

కనకలింగం రెండు చేతులతో, రెండు కాళ్ళతో, చివరికి తోకతో కూడా పన్ను పట్టుకుని లాగాడు. పన్ను ఊడింది. దాని వెనకే చీము ధారగా వచ్చింది. సుగుణమ్మ పసరుతో నోరు కడిగింది. ఆవిడ కాలి నుంచి నెత్తురు కారుతోంది. ఏ నెత్తురు ఎవరిదో తెలియడం లేదు.

గవరమ్మ ఊపిరి సర్దుకుంది. నెమ్మదిగా దవడ ఆడించి చూసింది.

"మూడుసార్లొచ్చానే అమ్మాయ్," అంది నీరసంగా. "ఎక్కడ నొప్పి అని అడగడానికి నీకు ఇన్నాళ్ళు పట్టిందా?"

సుగుణమ్మ ఏదో చెప్పబోయేలోపు నరసింగు ఇక ఆపుకోలేకపోయాడు.

అతను తుమ్మాడు.

అడవిదున్న తుమ్మంటే మామూలు కాదు. బండ మీద మిరియాల గుట్ట మొత్తం ఆ దెబ్బకి లేచి, మబ్బులా మైదానం మీద పరుచుకుంది. మొదట కుందేళ్ళు తుమ్మాయి. తర్వాత దుప్పులు. తర్వాత ఏనుగు తొండం సాచి తుమ్మింది. దాంతో మిగిలిన పొడి అడవి ఆ చివరి దాకా వెళ్ళిపోయింది.

అందరూ ఒకేసారి లేచారు. అందరికీ ఒకేసారి ఆకలి, ఒకేసారి దాహం, ఒకేసారి కోపం. ఒక తోడేలు లేచేసరికి దాని మూతి కింద ఒక లేడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లేడి ముందు తేరుకుంది కాబట్టి బతికింది.

పులిరాజు గారు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఎలుగుబంటి, దాని చేతిలో తమ కూన, కూన నోట్లో ఎలుగుబంటి వేలు. దాన్ని ఎవరు ఎవర్ని తింటున్నట్టు అర్థం చేసుకోవాలో రాజుగారికి తోచలేదు. ఆలోచించడం ఆయన పద్ధతి కాదు. జోగయ్య వేలు లాక్కుని, కూనని కింద పెట్టి, వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. వెనక్కి తిరగడమే పొరపాటైంది. రాజుగారికి అందింది వెనక భాగమే.

సిబ్బంది ముగ్గురూ ఆస్పత్రిలో దూరి తలుపుకి నరసింగుని అడ్డం పెట్టారు. బయట గవరమ్మ గుమ్మం ముందు కూర్చుంది.

"లోపలికి ఎవరైనా అడుగు పెట్టారో, నాకు ఇంకా బోలెడు పళ్ళున్నాయి!" అంది.

ఎవరూ పెట్టలేదు. అందరూ మడుగు వైపు పరిగెత్తారు. అంత దాహంలో అర్జీ రాసే ఓపిక ఎవరికీ లేదు. ఏనుగులు తవ్వాయి, పందులు తవ్వాయి, పులులు కూడా సిగ్గు విడిచి మట్టి తోశాయి. సాయంత్రానికి నీళ్ళు ఊరాయి. ఆ మర్నాడు పంచాయతీ సమావేశమై, మడుగు పూడిక తామే తీయించామని తీర్మానం చేసుకుంది.

శిబిరం మీద విచారణ కూడా జరిగింది. విచారణ చేసింది జోగయ్యే. నిలబడే చేశాడు, కూర్చోలేడు కదా. అన్ని విషయాలూ పరిశీలించి, తప్పంతా ఆ రోజు వీచిన గాలిదని తేల్చాడు. గాలి హాజరు కాలేదు కాబట్టి తీర్పు వాయిదా పడింది. కనకలింగాన్ని సూపరింటెండెంటుగా ప్రమోట్ చేశారు. ఇప్పుడతను చూరులో దివాకరం గారి పక్కనే కూర్చుంటున్నాడు. ఒకరి వల్ల ఒకరికి ఇబ్బంది లేదు.

సుగుణమ్మకి ఉత్తమ నర్సు బిరుదు రాలేదు. పైగా రోగుల్ని అనుమతి లేకుండా లేపినందుకు మెమో వచ్చింది. గవరమ్మ మాత్రం అడవంతా తిరిగి, "ఆ నర్సు చెయ్యి ఎంత మోటో! ప్రాణం తీసేసిందనుకో," అని చాటింది. చాటి, పన్నునొప్పి ఉన్నవాళ్ళందరినీ ఆవిడ దగ్గరికే పంపింది.

పుండు ముదిరాక జోగయ్య కూడా వచ్చాడు. ఎవరూ లేని వేళ చూసి, చెట్ల చాటు నుంచి.

"సిస్టర్, ఆ మత్తు ఇంజక్షన్ ఒకటి గుచ్చేసి, నాకు తెలియకుండా కానిచ్చెయ్," అన్నాడు బల్ల మీద బోర్లా పడుకుని.

"తీగ లేదండీ. శిబిరం కోసం వేళ్ళతో సహా పీకించారుగా."

"అయ్యో. పోనీ, మెల్లిగా కానియ్యి."

నరసింగు తల పట్టుకున్నాడు. సుగుణమ్మ కుంటుతూ వచ్చి, పుండు చుట్టూ నొక్కి చూసింది. "ఇక్కడా అండీ? ఇక్కడా?"

జోగయ్య పెట్టిన గావుకేకకి దివాకరం గారు ఉలిక్కిపడి, పట్టపగలు మొదటిసారి కళ్ళు తెరిచారు. కనకలింగం చూరు మీంచి జారి పడ్డాడు.

"అమ్మో! చంపేస్తున్నావు! నేను ఫిర్యాదు చేస్తాను! రాతపూర్వకంగా చేస్తాను!"

"తప్పకుండా చెయ్యండి," అంది సుగుణమ్మ, పులి పన్ను విరిగి దిగిన చోటు దొరికిన సంతోషంలో. "మీ శాఖకే చెయ్యాలి."

నీతి: రోగి కరిస్తే కంగారుపడకండి, మెచ్చుకుంటే మాత్రం ఒకసారి నాడి పట్టుకు చూడండి.